గ్యాలరీకి నోరుంది, చెవి ఎవరికుంది?

1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మధ్య లీగ్ మ్యాచ్. రెండో సగం మొదలై కాసేపయింది. మోహన్ బగాన్ వింగర్ బిదేశ్ బోస్‌ను ఈస్ట్ బెంగాల్ డిఫెండర్ దిలీప్ పాలిత్ మోటుగా అడ్డుకున్నాడు. బిదేశ్ తిరగబడ్డాడు. రిఫరీ ఇద్దరినీ బయటికి పంపేశాడు. మైదానంలో సంగతి అక్కడితో సరి. గ్యాలరీలో మాత్రం అప్పుడే మొదలైంది. ఆ రోజు రెండు జట్ల అభిమానులూ ఒకే స్టాండులో భుజాలు ఒరుసుకుంటూ కూర్చున్నారు. మాటామాటా పెరిగింది, రాళ్లు లేచాయి, జనం ఒక్కసారిగా బయటికి తోసుకున్నారు. 16 మంది చచ్చిపోయారు. తప్పు పాలిత్‌దా, తిరగబడ్డ బిదేశ్‌దా, ఆటను అదుపులో పెట్టలేని రిఫరీదా, రాయి అందుకున్న అభిమానిదా, బద్ధవైరి వర్గాలను పక్కపక్కన కూర్చోబెట్టిన నిర్వాహకులదా అన్న తగవు కోల్‌కతాలో ఇప్పటికీ తెమలలేదు. ఒక్క కోల్‌కతా అనేముంది, ఫుట్‌బాల్ ఆడే ప్రతి దేశంలోనూ ఏదో ఒక ఏడాది ఏదో ఒక స్టేడియం పేరు మీద ఇదే తగవు నడుస్తోంది.

దీని మీద రెండు తీర్పులు బాగా చెలామణీలో ఉన్నాయి. ఒకటి అధికారుల తీర్పు: గుంపుకు బుద్ధి ఉండదు, కంచె కట్టాలి, లాఠీ చూపాలి. రెండోది అభిమాన సంఘాల తీర్పు: అభిమాని అమాయకుడు, పాపమంతా పైవాళ్లదే. గత నలభై యాభై ఏళ్ల అనుభవాన్ని ఒకచోట పెట్టి చూస్తే రెండూ నిలబడవు. తన క్లబ్బు గురించి అభిమాని పడే గొడవ చాలా ఉంటుంది: ఎవరిని ఆడించాలి, ఎవరిని వదిలించుకోవాలి, టిక్కెట్టు ధర ఎంత ఉండాలి, జెర్సీ రంగు మారొచ్చా. ఆ గొడవను వినేవాడూ, దానికి జవాబు చెప్పి తీరాల్సినవాడూ ఉన్నచోట అది చాలావరకు మాటగానే మిగులుతుంది. ఎవరికీ పట్టని చోట చేతుల్లోకి దిగుతుంది. అయితే నోరు ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఆ నోటికీ లెక్క అడిగేవాళ్లుండాలి. ఈ వ్యాసం చెప్పదలచింది ఇంతే. దీనికి అడ్డం తిరిగే సాక్ష్యాలు కూడా ఉన్నాయి, వాటిని దాటవేయడం కుదరదు.

ముందుగా అభిమానుల మధ్య నడిచే చర్చ సంగతే చూడాలి. చదువుకున్నవాళ్లలో చాలామంది దాన్ని పనిలేని కబుర్ల కింద, సినిమా హీరోల అభిమానుల కొట్లాటకు తమ్ముడి కింద జమకట్టేస్తారు. 1997 జులై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో జరిగిన ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌ను ఆ లెక్కన కొట్టిపారేయలేం. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా అప్పటికి కొత్తదైన డైమండ్ వ్యూహంతో వరసగా గెలుస్తున్నాడు. మ్యాచ్‌కు ముందు ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్లను, ముఖ్యంగా కుర్రవాడైన భైచుంగ్ భూటియాను ఎగతాళి చేశాడు. అవతల కోచ్ పి.కె. బెనర్జీ ఆ ఎగతాళినే తన కుర్రాళ్లకు మందుగా పట్టించాడు. వ్యూహం గొప్పదా, ఉత్సాహం గొప్పదా అని ఊరు ఊరంతా రోజుల తరబడి వాదించుకుంది. మ్యాచ్ రోజున లక్షా 31 వేల మందికి పైగా వచ్చారు. భైచుంగ్ మూడు గోల్స్ కొట్టగా ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. అంతమంది జనం, అంత రెచ్చగొట్టుడు, అంత పెద్ద ఓటమి ఒకే రోజున కలిసినా 1980 నాటి ఘోరం మళ్లీ జరగలేదు. వాదన ముదిరితే కొట్లాట తప్పదనేవాళ్లు ఈ మ్యాచ్‌కు సమాధానం చెప్పాలి.

ఆటగాళ్ల మీద జరిగే చర్చ ఇంకా చిత్రమైనది, అందులో మనకూ వాటా ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ నేల మీద పుట్టిన ఆటగాళ్లను కోల్‌కతా క్లబ్బులు ఎగరేసుకుపోయాయి. సికింద్రాబాద్ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యాడు. హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1977లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో నిలిచిన మ్యాచ్‌లో ఒక గోల్ హబీబ్‌దే. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ఒక క్లబ్బు, స్థానికులకు మరొకటి అన్నంతగా పుట్టుకతో ముడిపడ్డ వైరం అది. పులస కోసం పుస్తెలమ్మే మనవాళ్లకు అక్కడ ఇలిశ చేప ఈస్ట్ బెంగాల్ పక్షం, రొయ్య మోహన్ బగాన్ పక్షం అంటే ఆట్టే వింతగా తోచదు. అలాంటి చోట దక్కన్ నుంచి వచ్చిన ఉర్దూ మాట్లాడే కుర్రాడు ఒక ఏడాది ఇటు, ఒక ఏడాది అటు ఆడి కూడా అందరికీ ‘బడే మియా’ కాగలిగాడు. గుడ్డి ద్వేషంతో అది సాధ్యం కాదు. ఎవరు ఒళ్లు దాచుకోకుండా ఆడుతున్నారో, ఎవరు పేరుకు ఆడుతున్నారో పట్టిపట్టి చూసి, వాదించుకుని, తేల్చుకునే కళ్లు గ్యాలరీకి ఉన్నాయి.

ఇక కంచె సిద్ధాంతం. దాన్ని నిండా నమ్మిన దేశం ఇంగ్లండ్, దాని ఫలితాన్ని నిండా చవిచూసిందీ ఇంగ్లండే. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు యువెంటస్ అభిమానుల మీదికి దూకారు. వెనక్కి తగ్గిన జనం ఒత్తిడికి గోడ కూలి 39 మంది మరణించారు, వాళ్లలో ఎక్కువ మంది ఇటాలియన్లు. ఇంగ్లిష్ క్లబ్బులను యూరప్ పోటీల నుంచి ఐదేళ్లపాటు వెలేశారు. అప్పటి నుంచి ఆ దేశంలో ఫుట్‌బాల్ అభిమాని అంటే నేరస్థుడికి మరో పేరు. స్టేడియాల్లో ప్రేక్షకులకూ మైదానానికీ మధ్య ఉక్కు కంచెలు అప్పటికే ఉన్నాయి. గుర్తింపు కార్డు లేనిదే మ్యాచ్‌కు రానివ్వకూడదని థాచర్ ప్రభుత్వం చట్టానికి సిద్ధమైంది.

ఆ మూడ్‌లోనే 1989 ఏప్రిల్ 15 వచ్చింది. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్. లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే టిక్కెట్లు కొన్న 10,100 మందికి లోపలికి వెళ్లడానికి ఉన్నవి ఏడు తిరుగుడు గేట్లు. మూడింటికి ఆట మొదలవ్వాలి, రెండున్నర దాటినా బయట జనం కిక్కిరిసి ఉన్నారు. ఒత్తిడి తగ్గించడానికని 2.52కి పోలీసులు పక్కనున్న పెద్ద గేటు తెరిపించారు. ఎదురుగా కనిపించే సొరంగం దారి అప్పటికే నిండిపోయిన మధ్య కంచెగదుల్లోకి పోతుంది. ఆ దారిని మూయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వెనక నుంచి వచ్చినవాళ్లకు ముందు ఏం జరుగుతోందో తెలియదు. ముందున్నవాళ్లు ఊపిరాడక కంచె ఎక్కబోతే, మైదానంలోకి చొరబడుతున్నారనుకుని పోలీసులు కిందికి నెట్టారు. 3.06కి ఆట ఆపారు. మొత్తం 97 మంది మరణించారు. గేటును అభిమానులే బద్దలుకొట్టారని ఆ రోజు పోలీసు కమాండర్ అబద్ధం చెప్పాడు. చనిపోయినవాళ్ల రక్తంలో మద్యం ఉందేమోనని పరీక్షలు చేశారు, పిల్లలను కూడా వదల్లేదు. నాలుగు రోజుల తర్వాత ‘సన్’ పత్రిక శవాల జేబులు కొట్టేశారంటూ అభిమానుల మీద బురద చల్లింది. లివర్‌పూల్ నగరంలో ఆ పత్రికను నేటికీ చాలామంది ముట్టరు.

1989 ఆగస్టులో వచ్చిన లార్డ్ జస్టిస్ టేలర్ మధ్యంతర నివేదిక పోలీసుల అదుపు తప్పడమే ప్రధాన కారణమని తేల్చింది. 1990 జనవరిలో తుది నివేదిక వచ్చాక కార్డుల పథకం అటకెక్కింది, కంచెలు కూలాయి. అయినా అభిమానుల మీద మచ్చ పోవడానికి మరో ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. 164 మంది పోలీసుల వాంగ్మూలాలను దిద్దారని 2012లో స్వతంత్ర కమిటీ బయటపెట్టింది. మరణాలకు చట్టవిరుద్ధమైన నిర్లక్ష్యమే కారణమనీ, అభిమానుల ప్రవర్తన కాదనీ 2016లో జ్యూరీ తీర్పు చెప్పింది. కంచెను సమర్థించేవాళ్లు ఒక విషయం గమనించాలి. ఆ రోజు చంపింది అదే కంచె. అభిమానిని ముందే నేరస్థుడిగా చూసిన కళ్లకు, ప్రాణభయంతో కంచె ఎక్కుతున్న మనిషి కూడా గూండాలాగే కనిపించాడు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు ఏర్పాట్లు మెరుగయ్యాయి అనొచ్చు. 2022 అక్టోబర్ 1న ఇండోనేషియాలోని మలంగ్ ప్రాంతంలో అరెమా జట్టు సొంత మైదానంలో పెర్సెబాయా చేతిలో 2-3తో ఓడింది. గొడవలవుతాయని పెర్సెబాయా అభిమానులను అసలు రానివ్వలేదు. అంటే కొట్టుకోవడానికి ఎదుటి పక్షమే లేదు. ఓటమి తట్టుకోలేక కొందరు మైదానంలోకి దిగారు. స్టేడియాల్లో వాడకూడదని ఫిఫా భద్రతా నియమాలు చెప్పే బాష్పవాయువును పోలీసులు ఏకంగా గ్యాలరీలోకి వదిలారు. ఇరుకు గేట్ల దగ్గర ఊపిరాడక 135 మంది చనిపోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయినది క్రికెట్ సంబరంలో, అయినా ఆనందంతో వచ్చిన జనానికి లెక్కా దారీ చూపకపోతే ఏమవుతుందో దాన్ని చూసినా తెలుస్తుంది. అదే ఏడాది డిసెంబర్ 13న మెస్సీ కోల్‌కతాకు వచ్చిన రోజు మరీ సూటిగా చెబుతుంది. వేలకు వేలు పోసి టిక్కెట్లు కొన్నవాళ్లకు సాల్ట్ లేక్ స్టేడియంలో మెస్సీ చుట్టూ మూగిన పెద్దల వీపులు తప్ప మరేమీ కనిపించలేదు. ఆయన కాసేపటికే వెళ్లిపోయాడు. కుర్చీలు విరిగాయి, సీసాలు ఎగిరాయి, ముఖ్యమంత్రి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అదే సాయంత్రం హైదరాబాద్ ఉప్పల్‌లో కార్యక్రమం సజావుగా ముగిసింది. బెంగాలీలకు ఆవేశం ఎక్కువ, మనవాళ్లు బుద్ధిమంతులు అని దీన్ని చదివేవాళ్లున్నారు. సినిమా విడుదల రోజున మన థియేటర్ల దగ్గరికి వెళితే ఆ భ్రమ తీరిపోతుంది. ఉప్పల్‌లో జనానికి మెస్సీ కనిపించాడు, తేడా అదీ.

జనం స్వభావం కన్నా జనంతో వ్యవహరించే పద్ధతే ఎక్కువ పనిచేస్తుందనడానికి ఇంకా గట్టి ఉదాహరణ పోర్చుగల్‌లో 2004లో జరిగిన యూరో పోటీలు. క్లిఫర్డ్ స్టాట్, ఒట్టో అడాంగ్ వంటి సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తల సలహాతో మ్యాచ్‌లు జరిగే నగరాల పోలీసులు కవచాలు, లాఠీలు పక్కనపెట్టి మామూలు యూనిఫాంలో అభిమానుల మధ్య తిరుగుతూ పలకరించారు. గొడవ పెట్టుకునే ఒకరిద్దరిని మాత్రం ఏరి పట్టుకున్నారు. అంతకు ముందు పోటీల్లో అప్రతిష్ఠ మూటగట్టుకున్న ఇంగ్లండ్ అభిమానులే ఆ నగరాల్లో పెద్ద గొడవ లేకుండా ఉన్నారు. మరో పోలీసు దళం పాత పద్ధతిలో కాపలా కాసిన అల్బుఫెయిరా తీరంలో మాత్రం అల్లర్లు జరిగాయి. దేశం ఒకటే, నెల ఒకటే, అభిమానులూ ఒకటే.

మరి అభిమాని తప్పేమీ లేదా? ఉంది, ఇక్కడ అభిమాన సంఘాల వాదన కుంటుతుంది. హేసెల్‌లో గోడ శిథిలమైనదే కావచ్చు, కానీ అవతలివాళ్ల మీదికి దూకమని ఆ గోడ చెప్పలేదు. బెల్జియం కోర్టు 1989లో 14 మంది లివర్‌పూల్ అభిమానులకు శిక్ష వేసింది, దానితోపాటు ఆ దేశపు ఫుట్‌బాల్ అధికారినీ, ఒక పోలీసు అధికారినీ దోషులుగా తేల్చింది. తప్పును పంచి చూసిన ఆ పద్ధతి నాకు సబబుగా తోస్తుంది. జాతి దూషణ విషయంలో అయితే నిర్వహణ లోపం అన్న సాకుకు చోటే లేదు. 2023 మేలో వాలెన్సియా మైదానంలో వినిసియస్ జూనియర్‌ను కోతి అని గేలి చేసినవాళ్లకు ఇరుకు గేటు అడ్డం రాలేదు, బాష్పవాయువు తగల్లేదు. వాళ్లలో ముగ్గురికి మరుసటి ఏడాది ఎనిమిది నెలల జైలు శిక్ష పడింది. వ్యక్తి చేసిన నేరానికి వ్యక్తిని పట్టుకోవాలి. మన దగ్గర జరిగేది దానికి తలకిందులు. 2012 డిసెంబర్ 9న కోల్‌కతా డెర్బీలో మోహన్ బగాన్ కెప్టెన్ ఒడాఫాకు రెడ్ కార్డు చూపాక గ్యాలరీ నుంచి వచ్చిన రాయి అదే జట్టు ఆటగాడు రహీం నబీ ముఖానికి తగిలింది. రెండో సగం ఆడబోమని మోహన్ బగాన్ మొండికేసింది. ఫెడరేషన్ మొదట ఆ క్లబ్బును ఐ-లీగ్ నుంచి వెలేసింది, తర్వాత కొన్ని వారాలకే మెత్తబడి అప్పటిదాకా వచ్చిన పాయింట్లు తీసేసి 2 కోట్ల రూపాయల జరిమానాతో సరిపెట్టింది. జట్టుకు శిక్ష పడింది, లక్షలమంది అభిమానులకు పడింది. ఆ రాయి విసిరిన చెయ్యి ఎవరిదన్నది మాత్రం చర్చలో వెనక్కి పోయింది.

ఇప్పుడు రెండో సగం: నోరు ఉన్నచోట ఏం జరుగుతుంది. జర్మనీలో 1998 నుంచి ఉన్న నియమం ప్రకారం క్లబ్బు కంపెనీలో సగం ఓట్లు, మరో ఓటు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. లెవర్‌కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్ వంటి మినహాయింపులున్నాయి, లైప్‌జిగ్ నియమం అక్షరాన్ని పాటించి స్ఫూర్తిని ఎగ్గొట్టిందన్న విమర్శా ఉంది. 2023 డిసెంబర్‌లో లీగ్ ప్రసార హక్కుల ఆదాయంలో వాటాను ప్రైవేటు ఈక్విటీ సంస్థకు ఇవ్వాలని క్లబ్బులు ఓటేశాయి. 36 ఓట్లలో సరిగ్గా కావలసిన 24 పడ్డాయి. ఓటింగ్ రహస్యం, ఒక క్లబ్బు ప్రతినిధి తన సభ్యుల ఆదేశానికి ఎదురు ఓటేశాడన్న అనుమానం. అభిమానులు ఏం చేశారు? ముందుగా మ్యాచ్ మొదలైన 12 నిమిషాల దాకా పెదవి విప్పలేదు. ఆ తర్వాత మైదానంలోకి టెన్నిస్ బంతులు, రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు కుమ్మరించారు, కొన్నిచోట్ల రిమోట్ బొమ్మ కార్లు వదిలారు. ఆటగాళ్లు పక్కన నిలబడి నవ్వుకుంటుంటే స్టేడియం సిబ్బంది పసుపు బంతులు ఏరుకున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ఒప్పందాన్ని వదులుకుంది. రాయి విసరగలిగే చేతులే టెన్నిస్ బంతిని ఎందుకు ఎంచుకున్నాయి? తమ మాటకు క్లబ్బు సమావేశంలో విలువ ఉందనీ, గూండాలన్న ముద్ర పడితే ఆ విలువ పోతుందనీ వాళ్లకు తెలుసు. పోగొట్టుకునేది ఏదో చేతిలో ఉన్నవాడే జాగ్రత్తగా ఉంటాడు.

లివర్‌పూల్ అభిమానులకు అలాంటి ఓటు లేదు. 2016లో కొత్త స్టాండులో 77 పౌండ్ల టిక్కెట్టు పెడతామని యజమానులు ప్రకటించగానే, ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్ 77వ నిమిషంలో సుమారు పది వేల మంది లేచి నడిచి వెళ్లిపోయారు. అప్పటికి జట్టు 2-0తో ముందుంది, చివరికి 2-2 అయింది. యజమానులు నాలుగు రోజుల్లో క్షమాపణ చెప్పి ధర తగ్గించారు. మోహన్ బగాన్ అభిమానులకు ఇంకా ఎక్కువ సమయం పట్టింది. 2020లో ఏటీకే క్లబ్బుతో విలీనమై వందేళ్లు దాటిన పేరు ముందు ఆ మూడక్షరాలు వచ్చి చేరాక, గెలిచినా ఓడినా వాళ్లు ‘రిమూవ్ ఏటీకే’ బ్యానర్లు దించలేదు. ఇంట్లో ట్రోఫీలు పడుతుంటే పేరుతో పనేమిటని నవ్వినవాళ్లున్నారు. 2023 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ గెలిచిన రాత్రే పేరు మారుస్తున్నట్టు యజమాని ప్రకటించాడు. కప్పు కన్నా ఆ ప్రకటనకే ఎక్కువ ఏడ్చారంటే అతిశయోక్తి అనుకోవచ్చు గానీ, అభిమానికి ఏది ముఖ్యమో అందులో ఉంది.

ఈ వాదానికి అన్నిటికన్నా గట్టి దెబ్బ అర్జెంటీనా నుంచి వస్తుంది. అక్కడ క్లబ్బులు సభ్యులవే. అధ్యక్షుడిని సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు. ఆ లెక్కన ప్రపంచంలో అందరికన్నా క్రమశిక్షణ గల అభిమానులు అక్కడే ఉండాలి. ఉన్నది ‘బారా బ్రావా’ ముఠాలు. 2013 నుంచి అవతలి జట్టు అభిమానులను లీగ్ మ్యాచ్‌లకు రానివ్వడం చాలావరకు మానేశారు. 2018 నవంబర్ 24న కోపా లిబెర్టడోరెస్ ఫైనల్ రెండో అంచెకు బోకా జూనియర్స్ బస్సు వస్తుంటే రివర్ ప్లేట్ అభిమానులు రాళ్లతో అద్దాలు పగలగొట్టారు, ఆటగాళ్లు గాయపడ్డారు. దక్షిణ అమెరికా ఫైనల్‌ను తీసుకెళ్లి మాడ్రిడ్‌లో ఆడించాల్సి వచ్చింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ముఠాల బతుకుతెరువు చూస్తే తెలుస్తుంది. క్లబ్బు పెద్దల నుంచి ఉచిత టిక్కెట్లు తెచ్చుకుని అమ్ముకోవడం, స్టేడియం చుట్టూ బళ్లు నిలిపినందుకు వసూళ్లు, ఎన్నికలప్పుడు ఆ పెద్దలకు కండబలం. నోరు ముఠాదైంది, మిగతా సభ్యుడిది నొక్కుకుపోయింది. లెక్కలు బయటపడని చోట ఓటు కూడా సరుకే. మన పంచాయతీ ఎన్నికలు ఎరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కోల్‌కతా క్లబ్బుల్లోనూ సభ్యులున్నారు, ఎన్నికలున్నాయి. అయినా 2021 జులైలో పెట్టుబడిదారుతో ఒప్పందం మీద క్లబ్బు పెద్దలు సంతకం పెట్టాలా వద్దా అని రెండుగా చీలిన ఈస్ట్ బెంగాల్ అభిమానులు క్లబ్బు ముందే తలపడ్డారు, పోలీసులు లాఠీలు ఝళిపించారు. నెలల తరబడి మూసిన తలుపుల వెనక నడిచిన బేరం అది. కాబట్టి సభ్యత్వం ఉంటే చాలన్నది నా వాదం కాదు. సభ్యుడికి కాగితం కనిపించాలి, జవాబు వినిపించాలి, అతని పేరు మీద రౌడీతనం చేసేవాణ్ణి బయటికి నెట్టే అధికారం అతనికే ఉండాలి.

ఆ అధికారం ఉంటే అభిమానులు నిజంగా వాడతారా అన్న అనుమానం సహజం. డెన్మార్క్ జట్టు అభిమానులు 1980లలో ఇంగ్లిష్ గూండాయిజానికి ఎదురుగా నిలబడాలనే పంతంతో సరదాగా, గొడవ లేకుండా ఉండటాన్నే తమ గుర్తుగా చేసుకున్నారు. 1984లో యునెస్కో వాళ్లకు ఫెయిర్ ప్లే పురస్కారం ఇచ్చింది. ఇంకా దగ్గరి ఉదాహరణ 2024 ఆగస్టు 18. కోల్‌కతా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో జరిగిన వైద్యురాలి హత్య మీద గ్యాలరీలో నిరసన లేస్తుందన్న భయంతో డ్యూరాండ్ కప్ డెర్బీని రద్దు చేశారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియం బయట ఒకరి జెండా ఒకరు పట్టుకుని, ఒకరి భుజాల మీద ఒకరెక్కి నినాదాలిచ్చారు. మహమ్మడన్ అభిమానులూ వచ్చి కలిశారు. లాఠీ దెబ్బలు మూడు రంగుల వాళ్లకూ పడ్డాయి. నాలుగు దశాబ్దాల కిందట ఒకే స్టాండులో పక్కపక్కన కూర్చోలేకపోయినవి ఈ రెండు వర్గాలే.

ఇక చివరి అభ్యంతరం డబ్బుది. కోట్లు పెట్టేది యజమాని, నష్టపోయేది యజమాని, టిక్కెట్టు కొన్నవాడికి పెత్తనం ఎందుకు? దీనికి హైదరాబాద్ ఎఫ్‌సీ కథ మంచి జవాబు. పుణెలో మూతపడిన క్లబ్బు స్థానంలో 2019లో ఇక్కడ మొదలైంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ విజేత అయింది. రెండేళ్లు తిరక్కుండా జీతాలు అందని ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోనివ్వలేదు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఖాళీ కుర్చీల మధ్య ఓ మూల ‘దక్కన్ లీజియన్’ అభిమానులు జెండా ఊపుతూ ఉండేవారు. తర్వాత యాజమాన్యం మారింది, 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది.  డబ్బు పెట్టినవాళ్లు నష్టం చాలనుకుని వెళ్లిపోయారు, తిట్లు తింటూ వచ్చి కూర్చున్నవాడికి వెళ్లడానికి ఇంకో ఊరు లేదు. ఇలాంటిదే ఇంగ్లండ్‌లో జరిగినప్పుడు, 2002లో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి ఇవ్వగానే అభిమానులు సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకుని చాలా కింది స్థాయి లీగ్ నుంచి మొదలుపెట్టారు. 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి, 2020లో పాత పేట ప్లౌ లేన్‌కు తిరిగి చేరారు. అలాంటి పట్టుదల అందరికీ సాధ్యం కాదని గుర్తించే 2025లో బ్రిటన్ ఫుట్‌బాల్ పాలనా చట్టం తెచ్చింది, స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టింది. మైదానం అమ్మకం, చిహ్నం, జెర్సీ రంగుల వంటి వాటిలో అభిమానుల మాటను పట్టించుకోక తప్పదని ఆ చట్టం చెబుతోంది.

మన దేశంలో ఆ దిశగా కదలిక అంతంత మాత్రమే. కేరళ బ్లాస్టర్స్ ఓటములతో విసిగిన ‘మంజప్పడ’ అభిమాన సంఘం సభ్యులు యాజమాన్యం మీద తిరగబడ్డాక 2025 ఆరంభంలో ఆ క్లబ్బు అభిమానుల సలహా మండలి పెడతామంది. సలహాకు, ఓటుకు దూరం చాలా ఉంది, అయినా నోటి మాట కాగితం మీదికి వచ్చింది. 2018లో రెండున్నర వేల మంది చూస్తుండగా భారత జట్టు గెలిచాక, తిట్టడానికైనా సరే స్టేడియానికి రమ్మని సునీల్ ఛెత్రీ వీడియోలో వేడుకున్నాడు. రెండు రోజుల్లో ముంబయి స్టేడియం నిండిపోయింది. విమర్శించేవాడు శత్రువు కాదని ఆటగాడికి తెలిసినంతగా సమాఖ్యకు తెలియలేదు. 2025లో సుప్రీంకోర్టు ఆమోదించిన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కొత్త రాజ్యాంగంలో మాజీ ఆటగాళ్లకు ఓటుతో చోటు దక్కింది. అభిమాన సంఘాలకు దక్కలేదు. హైదరాబాద్‌కు రేపు మరో ఐఎస్ఎల్ క్లబ్బు వస్తానంటే, లైసెన్సు ఇచ్చే ముందే ఊరు మార్చాలన్నా పేరు మార్చాలన్నా సీజన్ టిక్కెట్టుదారుల సమ్మతి కావాలని ఒక షరతు రాయించుకోవచ్చు. అదే కాగితంలో, గ్యాలరీలో రాయి విసిరినవాడి టిక్కెట్టు రద్దుచేసే హక్కు ఆ టిక్కెట్టుదారుల సంఘానికే ఇవ్వొచ్చు. రెండు షరతులూ కలిసే ఉండాలి. ఒకటి తీసుకుని రెండోది వద్దంటే అభిమానులతో బేరం కుదరదు, క్లబ్బుతోనూ కుదరదు.